తాటిగరువు వారి జన్యువు

ప్రభుత్వానికి జబ్బుల మీద కోపం రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం గడువుతో సహా వస్తుంది. ఇసుకపేట మండలంలో మూత్రపిండాలు పాడవుతున్నవారి సంఖ్య ఏటికేడు పెరుగుతున్నందున, అందుకు కారణమైన జన్యువును మార్చి ముప్ఫై ఒకటిలోగా కనిపెట్టి, ఏప్రిల్ ఒకటి నుంచి అమలు చేయవలసిందిగా రాష్ట్ర జన్యుసౌభాగ్య సంస్థకు ఉత్తర్వు అందింది. జన్యువును అమలు చేయడమంటే ఏమిటని సంస్థలో ఎవరూ అడగలేదు. అడిగితే కనిపెట్టడమంటే ఏమిటన్న ప్రశ్న కూడా వస్తుంది.

సంస్థకు డైరెక్టరున్నారు, ఇద్దరు ఉపడైరెక్టర్లున్నారు, రిబ్బను కత్తిరించే కత్తెర మఖమల్ పెట్టెలో భద్రంగా ఉంది. లెక్కలు కట్టేవాడు మాత్రం లేడు. అందుకని వ్యవసాయ శాఖ నుంచి శివకోటిని డిప్యుటేషన్ మీద పట్టుకొచ్చారు.

శివకోటి ఇరవై ఎనిమిదేళ్లు పంటకోత ప్రయోగాలు చేసినవాడు. అంటే చీటీ తీసి, ఏ చేను వస్తే ఆ చేలోకి దిగి, అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు తాడు పట్టి, అందులో పండిన ధాన్యం తూచి, దాన్నిబట్టి జిల్లా పంట ఎంతో చెప్పేవాడు. రైతులు బాగా పండిన మూల చూపించి "ఇక్కడ కోయండి బాబూ" అనేవారు. పక్కనే కొబ్బరిబొండం కూడా పెట్టేవారు. శివకోటి బొండం తాగేవాడు, కోత మాత్రం చీటీ చెప్పిన చోటే కోసేవాడు. నోరు కాస్త దురుసు. రిటైర్మెంటుకి రెండేళ్లే ఉంది గనుక ఈమధ్య దాన్ని అదుపులో పెట్టుకుంటున్నాడు.

కొత్త పని ఆయనకి కష్టమనిపించలేదు. జబ్బున్నవాళ్లు మూడువందల మంది రక్తం తేవాలి, లేనివాళ్లు మూడువందల మంది రక్తం తేవాలి. ఒక్కొక్కరి జన్యువుల్లో కొన్ని లక్షల చోట్ల ఏముందో యంత్రం చదువుతుంది. ఏ చోట జబ్బున్నవాళ్లకి ఒకలాగా, లేనివాళ్లకి ఇంకొకలాగా ఉందో చూడాలి. ఆ తేడా వట్టినే, కాకతాళీయంగా వచ్చే అవకాశమెంతో లెక్క కట్టాలి. ఆ అవకాశం ఎంత తక్కువైతే దొరికిన జన్యువు అంత గట్టిదన్నమాట.

మార్చి ఇరవయ్యో తేదీన లెక్క తేలింది. దశాంశం చుక్క తర్వాత వరసగా సున్నాలు, సున్నాలు, ఆ చివరెక్కడో ఒక నాలుగు.

"ఎన్ని సున్నాలు?" అన్నారు డైరెక్టర్ డాక్టర్ చంద్రమౌళీశ్వరరావు గారు.

"ముప్ఫై ఎనిమిదండి."

"పక్క రాష్ట్రం వాళ్లు ఏదో జన్యువు కనిపెట్టారుగా, వాళ్లకెన్ని?"

"పదకొండని విన్నానండి."

డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచి శివకోటి చెయ్యి పట్టుకుని ఊపారు. గ్రాఫు అచ్చు వేయించి గోడకి పెట్టించారు. చుక్కలన్నీ నేలబారుగా పడి ఉండగా, మధ్యలో ఒక్కచోట మాత్రం గొట్టంలా పైకప్పు దాకా లేచిన బొమ్మ అది.

శివకోటికి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎకరానికి నూటయాభై బస్తాలు పండిందని ఎవరైనా రాస్తే ఆయన సంతోషించే మనిషి కాదు, ఏ మూల కోశారని అడిగే మనిషి. మర్నాడు రక్తనమూనాల రిజిస్టరు తెప్పించుకుని చూశాడు. జబ్బున్న మూడువందల మందిలో రెండువందల అరవై రెండు మంది రక్తం ఒక్క ఫిబ్రవరి పదహారునే తీశారు. క్షేత్ర పర్యవేక్షకుడు లోకనాథాన్ని పిలిచాడు.

"ఆ రోజేం జరిగిందయ్యా?"

"పెళ్లండి" అన్నాడు లోకనాథం. "ఇల్లిల్లూ తిరిగితే రోజుకి నలుగురు కూడా దొరకట్లేదండి. టార్గెట్టేమో మూడొందలు. ఇంతలో తాటిగరువు వారింట్లో పెళ్లని తెలిసింది. మండలంలో సగం వాళ్లే కదండీ. మేనరికాలు, ఎదురుమేనరికాలు, అందరూ అటు చుట్టూ ఇటు చుట్టూ ఆ వంశమే. భోజనాల పందిరి దగ్గర బల్ల వేసుక్కూర్చున్నాం. ఒంట్లో ఎలా ఉందని అడిగాం. 'ఏదో ఇలా ఉంది' అన్నవాళ్లందర్నీ రోగుల్లో రాశాం."

"బాగుందని అన్నవాళ్లు?"

"మనవాళ్లు అలా అంటారేంటండీ, దిష్టి తగలదూ?"

"మరి ఆరోగ్యవంతులు మూడువందల మందీ?"

"వాళ్లు మాత్రం ఫస్టుక్లాసండి. రాష్ట్రానికి ఆ చివర, ఎండ కొండల్లో పోలీసు బెటాలియన్ ఉందికదండీ, అక్కడ వరసలో నిలబెట్టి తీశారు."

శివకోటి రిజిస్టరు మూసేశాడు. ఒక పక్క ఒకే వంశం వాళ్లు, మరో పక్క ఆ వంశం ముఖమే ఎరగని పోలీసులు. వాళ్లకీ వీళ్లకీ రక్తంలో తేడా రాకపోతే ఆశ్చర్యం. యంత్రం కనిపెట్టింది జబ్బు జన్యువు కాదు, పెళ్లివారి జన్యువు. లెక్క ఎక్కడా తప్పలేదు, లెక్కలోకి తెచ్చిన మనుషుల దగ్గరే తప్పింది.

వెళ్లి డైరెక్టర్ గారికి విన్నవించాడు. ఒకే చేలో కోసి జిల్లా పంట చెప్పకూడదన్నాడు. జబ్బు లేనివాళ్లని కూడా ఇసుకపేటలోనే, వీలైతే అదే వంశంలోనే వెతికి పోల్చాలన్నాడు. అసలక్కడి బోరునీళ్లు కూడా ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిదన్నాడు.

డైరెక్టర్ గారు ఓపిగ్గా విన్నారు. "అలా పోల్చితే మనకిప్పుడొచ్చిన ఫలితం నిలబడుతుందా?"

"నిలబడుతుందో లేదో చూడ్డానికేనండి."

"శివకోటిగారూ, చేతిలో ఉన్న ఫలితాన్ని పోగొట్టుకునే ప్రయోగానికి నిబంధనల్లో అవకాశం లేదు. నీళ్ల విషయమంటారా, అది వేరే శాఖ. కారణం లభ్యమైన వ్యాధికి మరల కారణం అన్వేషించడం పునరుక్తి దోషం."

శివకోటి లిఖితపూర్వకంగా నోటు పెట్టాడు. నాలుగో రోజున "పరిశీలించి భద్రపరచడమైనది" అన్న ఎండార్సుమెంటుతో అది బీరువాలోకి వెళ్లింది. మిగిలిన రెండేళ్ల సర్వీసు గుర్తొచ్చి శివకోటి నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం తర్వాత ఆయన్ని చాలా బాధపెట్టింది.

ఏప్రిల్ ఒకటి నుంచి జన్యువు అమల్లోకి వచ్చింది. జన్యువున్నవాళ్లకి సౌభాగ్య కార్డు, కార్డున్నవాళ్లకే జిల్లా ఆస్పత్రిలో ఉచిత డయాలిసిస్. అయితే మండలం మొత్తానికి జన్యుపరీక్ష చేయాలంటే కిట్లు లేవు. అవి విదేశాల నుంచి రావాలి, ఓడ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అప్పుడొక ఉపడైరెక్టర్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. దొరికిన జన్యువుకీ, తాటిగరువు అనే ఇంటిపేరుకీ నూటికి తొంభై ఏడు పాళ్లు పొత్తు కుదురుతోందని ఆయన గమనించారు. ఇదే మాట శివకోటి నోటులో ఫలితం చెల్లదనడానికి రుజువుగా ఉంది. ఉపడైరెక్టర్ గారు దాన్నే కిట్లు అక్కర్లేదనడానికి రుజువుగా తీసుకున్నారు. ఇంటిపేరు పరీక్షకి సూది అక్కర్లేదు, ఆధార్ కార్డు చాలు.

ఉత్తర్వు వారంలో వెలువడింది. "తాటిగరువు ఇంటిపేరు గల వ్యక్తులను జన్యువాహకులుగా పరిగణించవలెను. వివాహానంతరం స్త్రీ ఇంటిపేరు మారును గనుక, సదరు స్త్రీ జన్యువు సైతం తదనుగుణంగా మారినట్లు భావించవలెను."

సంస్థ ఆఫీసు ఊడ్చే ఎర్రమ్మది ఇసుకపేటే. రెండేళ్లుగా ఆమె మంగళవారం, శుక్రవారం జిల్లా ఆస్పత్రిలో నాలుగేసి గంటలు మిషను మీద పడుకుని రక్తం కడిగించుకునేది, మిగతా రోజుల్లో వచ్చి సంస్థను కడిగేది. పుట్టిల్లు తాటిగరువు వారు. పెళ్లాడింది దూడల పెంటయ్యని. ఆ మంగళవారం ఆస్పత్రికి వెళ్లినామె వెళ్లినట్టే తిరిగొచ్చి, శివకోటి బల్ల ముందు నేల మీద కూలబడింది.

"ఏటి బాబూ, నాకు జబ్బు నేదంట. పేరు కొట్టేసినారు. మా అన్న పెళ్లాం గంగులమ్మ నేదూ, సేపల తట్ట ఎత్తుకోని పది కోసులు నడిసే మడిసి, దాన్ని మంచం మీద పడుకోబెట్టీనారు. 'నాకేటి రోగవే' అని అది గోల. 'జాబితాలో ఉన్నావు, పడుకో' అని నర్సమ్మ గోల. ఆకిరికి తట్ట కూడా ఒగ్గేసి పారొచ్చేసినాది."

"నీ మంచం ఖాళీగానే ఉందన్నమాట."

"ఉంది. దాని పేరు మీద ఉంది."

ఎర్రమ్మ కాళ్లు అప్పటికే పొంగి, చెప్పు పట్టడం లేదు. మిషను తప్పితే ఆమెకి ఎక్కువ రోజులు లేవని శివకోటికి తెలుసు. నోరు మూసుకోవడం ఇక తన వల్ల కాలేదు. ఆమెని వెంటబెట్టుకుని తిన్నగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లాడు.

"అయ్యా, ఈమె రక్తం మన దగ్గరే ఉంది. మన యంత్రమే చదివింది. మీరన్న జన్యువు కూడా ఈమెలో ఉంది."

"ఉండవచ్చు. అది పాత ప్రమాణం. ఏప్రిల్ నుంచి ఆమె దూడల వారు."

"కాళ్లు చూడండి."

డైరెక్టర్ గారు బల్ల మీంచి కాస్త వంగి చూశారు. ఆయన చెడ్డవారు కాదు, ముఖంలో జాలి కనిపించింది. "చూడమ్మా, గణాంకపరంగా నువ్వు ఆరోగ్యవంతురాలివి. అయినా నీకు అస్వస్థతగా ఉన్నట్లయితే అది వ్యక్తిగతం. ఒక్కరి కోసం ప్రమాణం సడలిస్తే ముప్ఫై ఎనిమిది సున్నాలూ ఏమైపోవాలి?"

"సున్నాలేటి బాబూ" అంది ఎర్రమ్మ. "నాను పోతాను గాని."

ఇంటిపేరు గెజిట్‌లో మార్పించుకుంటే చెల్లుతుందా అని శివకోటి అడిగాడు. విషయం సున్నితమైనది గనుక డైరెక్టర్ గారు వివరణ జారీ చేస్తామన్నారు. మర్నాడే చేశారు కూడా. "జన్యువు గెజిట్ ప్రకటన ద్వారా సంక్రమించదు. అది వంశపారంపర్యమైనది గనుక జననం, వివాహం, దత్తత, లేదా విడాకుల ద్వారా పుట్టింటి పేరు పునరుద్ధరణ వలన మాత్రమే సంక్రమించును. విడాకులకు గ్రామపెద్దల పత్రము చాలును."

ఎర్రమ్మ భర్త పెంటయ్య సముద్రం మీద తప్ప ఎక్కడా గట్టిగా మాట్లాడి ఎరగడు. వివరణ చదివి వినిపిస్తే తల దించుకున్నాడు.

"ఇరవయ్యారేళ్లయినాదండి" అన్నాడు. "దీన్ని నేనెప్పుడూ ఎల్లిపొమ్మనలేదండి. తాగొచ్చిన రోజున కూడా అన్లేదండి."

"కాయితం మీదే కదా మావా" అంది ఎర్రమ్మ. "ఒగ్గేసినట్టు రాసీ. పేనముంటే ఆ కాయితం పొయ్యిలో ఎట్టుకుందాం."

గురువారం నాడు అయిదుగురు పెద్దలు కూర్చుని, ఆలుమగలకి పొసగడం లేదని రాశారు. పెంటయ్య వేలిముద్ర వేసి, ఆ వేలు లుంగీకి తుడుచుకుంటూనే ఉండిపోయాడు. శుక్రవారం ఎర్రమ్మకి మళ్లీ జబ్బు మంజూరైంది. మిషను మీద పడుకోబెట్టారు. రెండు వారాల్లో చెప్పు పట్టింది.

ఒక్కరికి దారి దొరికితే ఊరికి దొరికినట్టే. జబ్బున్న ఆడవాళ్లలో తాటిగరువు పుట్టింటి వాళ్లు విడాకులు తీసుకున్నారు. ఆ పుట్టిల్లు లేనివాళ్లు తాటిగరువు మగవాళ్లని పెళ్లాడడానికి క్యూ కట్టారు. మగవాళ్లకి దత్తతే గతి. ఎర్రమ్మ తండ్రి సన్నాసప్పడికి ఎనభై నాలుగేళ్లు, మనసు వెన్న. అడిగినవాళ్లెవర్నీ కాదనలేక, నాలుగు నెలల్లో అరవై ఒక్కమంది కొడుకులకి తండ్రయ్యాడు. అందరిలో పెద్దకొడుకు ఆయన కన్నా రెండేళ్లు పెద్ద.

ఇంకో పక్క, ఒంట్లో ఏ నలతా లేని తాటిగరువు వాళ్లకి ఆ పేరే గోరుచుట్టు మీద రోకటిపోటైంది. సంబంధాలు రావడం లేదు. పడవ మీద కూలికి పిలవడం లేదు. వారానికి రెండుసార్లు ఆస్పత్రి వ్యాను వచ్చి వాళ్లని వెంటాడుతోంది. దాంతో కుండమార్పిళ్లు మొదలయ్యాయి. పెళ్లిళ్లలో పిల్లని ఇచ్చి పిల్లని తెచ్చుకున్నట్టే, జబ్బున్నవాణ్ణి ఇటు దత్తత తీసుకుని, జబ్బు లేనివాణ్ణి అటు దత్తత ఇచ్చారు. గంగులమ్మ మొగుడు దూడల వారికి దత్తుడైపోయాడు. ఆ రోజే గంగులమ్మ వెళ్లి తన చేపల తట్ట తిరిగి తెచ్చుకుంది.

శ్రావణంలో పెంటయ్యకి కూడా కాళ్లు పొంగాయి. ఆయన తాగిందీ ఆ బోరునీళ్లే మరి. సన్నాసప్పడు అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు, ఏడుస్తూనే అరవై రెండో కొడుకుగా దత్తత చేసుకున్నాడు. మరొకరెవరైనా దత్తత చేసుకున్నా తేడా లేదు. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్లే, వాళ్లకి మళ్లీ పెళ్లి కుదరదు. ఎర్రమ్మా పెంటయ్యా అదే ఇంట్లో ఉంటున్నారు, ఒకే కుండలో వండుకుంటున్నారు. విడాకుల కాగితం మాత్రం పొయ్యిలో పెట్టే యోగం లేకపోయింది.

సంవత్సరం తిరిగింది. సంస్థకి జాతీయ పురస్కారం వచ్చే సూచనలు కనిపించాయి. ఎంపిక సంఘం వారు మాత్రం ఫలితాన్ని మరోసారి, పద్ధతిగా రుజువు చేసి పంపమన్నారు. డైరెక్టర్ గారు ఉదారంగా శివకోటికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. "మీరెప్పుడూ అడుగుతుంటారుగా, మీకు నచ్చినట్టే చెయ్యండి."

ఇరవై ఎనిమిదేళ్ల అనుభవమంతా ధారపోసి చేశాడు శివకోటి. జబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ ఇసుకపేటలోనే తీసుకున్నాడు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు, డాక్టరు చేత పరీక్ష చేయించాడు. వయసుకి వయసు, వీధికి వీధి జత కలిపాడు. చీటీలు తనే తీశాడు. కిట్ల ఓడ ఇంకా రాలేదు గనుక, ఉత్తర్వు ప్రకారం జన్యువుకి బదులు ఇంటిపేరు రాసుకున్నాడు. పేర్లు మార్చుకున్నవాళ్లు ఎక్కడో కొద్దిమందే అనుకుని, ఆ పేరుకీ జబ్బుకీ పొత్తు లేదని ఈసారి తేలిపోతుందని మనసులో సంబరపడ్డాడు.

జబ్బున్న మూడువందల మందిలో మూడువందల మందీ తాటిగరువు వారే. లేని మూడువందల మందిలో ఒక్కరికీ ఆ పేరు లేదు. కాకతాళీయంగా జరిగే అవకాశమెంతో అడిగితే కంప్యూటరు సున్నాలు లెక్కపెట్టలేక, మొత్తానికే సున్నా అని ఊరుకుంది.

శివకోటి నివేదిక రాశాడు. చివర ఒక పేరా చేర్చాడు. 'ఇంటిపేరు వలన జబ్బు రాలేదు. జబ్బు వలన ఇంటిపేరు వచ్చినది. పథకమునకు శాస్త్రీయ ఆధారము లేదు. వెంటనే బోరునీళ్లు పరీక్షింపవలెను.' సంతకం చేయకుండా డైరెక్టర్ గారికి చూపించాడు.

డైరెక్టర్ గారు పేరా రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, మొట్టమొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. "ఇది పంపితే నేనేం చెయ్యాలి? ఆధారం లేని పథకాన్ని ఆపెయ్యాలి. నాలుగువందల పన్నెండు కార్డులూ వెనక్కి తీసుకోవాలి. నీళ్లు పరీక్ష చేసి, కారణం తేల్చి, కొత్త పథకం రావడానికి ఎన్నాళ్లు పడుతుందంటారు?"

"రెండేళ్లు. తక్కువలో తక్కువ."

"మిషను లేకుండా వాళ్లు ఎన్నాళ్లుంటారు? నేను అడగడం లేదండీ. మీరు గణాంకులు కదా, లెక్క కట్టండి."

శివకోటి కాగితాలు సంచిలో పెట్టుకుని బయటపడ్డాడు. ఆ రోజు శుక్రవారం. కాళ్లు వాటంతటవే జిల్లా ఆస్పత్రికి నడిచాయి. డయాలిసిస్ గది బయట ఎర్రమ్మా పెంటయ్యా బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని, ఒక ఇడ్లీ పొట్లం పంచుకుంటున్నారు. శివకోటిని చూసి ఇద్దరూ లేవబోయారు, వద్దని ఆపాడు. దొంగ విడాకులు పట్టుకోవాలని సంస్థ కొత్తగా పెట్టించిన రిజిస్టరుతో నర్సు వచ్చింది.

"తాటిగరువు ఎర్రమ్మ. కార్డు చూపించు. పక్కన ఈయనెవరు?"

"తాటిగరువు పెంటయ్య."

"నీకేటవుతాడు?"

ఎర్రమ్మ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. పెంటయ్య గోడకేసి తిరిగాడు. నర్సు పెన్ను పట్టుకుని నిలబడే ఉంది, ఆమెకి ఇంకా ఇరవైమంది ఉన్నారు.

"అన్న" అంది ఎర్రమ్మ.

నర్సు రాసుకుని, మూడో మంచం, నాలుగో మంచం అని చెప్పి వెళ్లిపోయింది. ఎర్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి నడిచింది. పెంటయ్య మిగిలిన ఇడ్లీ పొట్లం కట్టి, ఆమె చెప్పులు చేత్తో తీసి బెంచీ కింద సర్దిపెట్టి, తర్వాత తనూ వెళ్లాడు. శివకోటి కళ్లు తుడుచుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తే రెండు మిషన్లలోనూ ఎర్రటి రక్తం గొట్టాల వెంట తిరుగుతోంది. ఆస్పత్రి వెనక వీధిలో బోరింగు దగ్గర ఇసుకపేట నుంచి వాళ్లతో వచ్చిన పిల్లలు దోసిళ్లతో నీళ్లు తాగుతున్నారు. ఇవి ఈ ఊరి నీళ్లు, వీటికేం ఫరవాలేదు. సాయంత్రానికి వాళ్లు ఇసుకపేట వెళ్లిపోతారు.

శివకోటి ఆఫీసుకి తిరిగివచ్చి, చివరి పేరా ఉన్న కాగితం తీసేసి, మిగతా నివేదిక మీద సంతకం పెట్టాడు. అంకె ప్రతిదీ మళ్లీ సరిచూశాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన చేతి మీదుగా వెళ్లిన లెక్కల్లో, ఒక్క అంకె కూడా తేడా లేకుండా సరిపోయింది ఇదొక్కటే.